క్రూయిజ్ ప్రయాణానికి జేబు చాకు, మల్టీ టూల్, చిన్న కత్తెర: ఏది మేలు?

తాళాల గుత్తికి ఒక చిన్న మడత చాకు తగిలించుకొని తిరగడం చాలామందికి ఏళ్ల నాటి అలవాటు. ప్యాకెట్టు చింపడానికి, దారం తెంపడానికి, కళ్లజోడు మర బిగించడానికి రోజుకు రెండు సార్లయినా చేతిలోకి వచ్చే వస్తువు కనుక, వారం రోజుల ఓడ ప్రయాణానికి పెట్టె సర్దుకునేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలి వెళ్లడానికి మనసొప్పదు. ఇంకొందరికి కటింగ్ ప్లేయర్, రంపం, స్క్రూడ్రైవర్లు అన్నీ ఒకే పిడిలోకి ముడుచుకునే పెద్ద మల్టీ టూల్ నడుముకు లేనిదే ఇల్లు కదలబుద్ధి కాదు. ఈ రెండింటి పక్కన మూడో దారిగా ఒక పొట్టి కత్తెరను, బ్లేడు లేని చిన్న టూల్‌ను ఉంచి, క్రూయిజ్ వెళ్లేవారికి వీటిలో ఏది మేలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పనితనమే కొలబద్ద అయితే పెద్ద మల్టీ టూల్‌కు సాటి లేదు, పోలికే అవసరం లేదు. కానీ హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి వచ్చే ఒక కుటుంబాన్ని తలచుకుంటే, వారి చేతిసంచీ, పెట్టె ఎన్ని తనిఖీలు దాటాలో అర్థమవుతుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు ఒకటి, సింగపూర్ టెర్మినల్‌లో ఓడ ఎక్కే ముందు ఒకటి, ప్రతి రేవులో ఊరు చూసి తిరిగి ఓడలోకి వచ్చే ప్రతిసారీ ఒకటి, చివరికి చాంగీలో తిరుగు విమానానికి ఇంకొకటి. వీటి మధ్యలో రేవు పట్టణం వీధుల్లో నడిచేటప్పుడు ఆ దేశపు చట్టం వేరే. కాబట్టి ఈ వరుసలో అన్నిటికంటే కఠినమైన చోట ఏ వస్తువు ఆగకుండా దాటుతుందన్నదే నా దృష్టిలో అసలు కొలత.

ఓడ తనిఖీ విమానాశ్రయ తనిఖీని ఎందుకు పోలి ఉంటుందో కూడా చెప్పుకోవాలి. 1985 అక్టోబరులో అకిల్లే లౌరో అనే ఇటలీ ప్రయాణికుల నౌకను సాయుధులు హైజాక్ చేసి ఒక ప్రయాణికుణ్ణి చంపిన తరువాత సముద్రయాన భద్రతపై 1988లో ఒక అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. 2001 సెప్టెంబరు దాడుల అనంతరం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రూపొందించిన ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జులై 1న అమల్లోకి వచ్చి, ఓడలకూ రేవులకూ లిఖితపూర్వకమైన భద్రతా ప్రణాళికను తప్పనిసరి చేసింది. వేలమంది రోజుల తరబడి ఒకే కప్పు కింద తిని, తాగి, నిద్రపోయే చోట ఎవరి జేబులో ఏముందో తెలుసుకోవాలనుకోవడం న్యాయమైన జాగ్రత్తేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

క్రూయిజ్ కంపెనీల నిషేధిత వస్తువుల జాబితాల్లో తరచుగా కనిపించే అంకె 4 అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు. అయితే ఆ అంకె అన్ని చోట్లా ఒకే వస్తువుకు వర్తించదు. కొన్ని కంపెనీలు అంతకంటే పొట్టి బ్లేడున్న చాకును అనుమతిస్తే, కొన్ని చాకు ఏ పొడవుదైనా వద్దని చెప్పి, 4 అంగుళాల సడలింపును కత్తెరకు మాత్రమే ఇస్తాయి. ఎవరో తెలిసినవారు పోయినేడు తీసుకువెళ్లారన్న మాట మీద ఆధారపడకుండా, మనం టికెట్ కొన్న కంపెనీ జాబితాను ప్రయాణానికి ముందు వారంలో మరొకసారి చదువుకోవడం అవసరం. జాబితాలో అనుమతి ఉన్నప్పటికీ తుది నిర్ణయం ఓడ భద్రతాధికారిదే.

పెద్ద మల్టీ టూల్‌కు ఉదాహరణగా లెదర్‌మ్యాన్ వేవ్‌ను తీసుకుందాం. 1983లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన కంపెనీ చేసే ఈ టూల్ ముడిచినప్పుడు 4 అంగుళాల పొడవు, దాదాపు పావు కిలో బరువు ఉంటుంది. దాని చాకు బ్లేడు 3 అంగుళాలకు కొద్దిగా తక్కువ కనుక 4 అంగుళాల నియమం పాటించే ఓడలోకి కాగితం మీద దానికి అడ్డు లేదు. అయితే ఆ బ్లేడు బొటనవేలితో ఒంటి చేత్తో తెరుచుకొని, తెరుచుకోగానే టక్కున తాళం పడి నిలుస్తుంది. పనివాడికి వరమైన ఆ తాళమే ప్రయాణికుడికి చిక్కు తెస్తుంది. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో కారణం చూపకుండా దగ్గర ఉంచుకోదగిన మడత చాకు అంచు 3 అంగుళాలు దాటకూడదు. తాళం పడే చాకు ఆ మినహాయింపులోకి రాదని ఆ తరువాత అక్కడి న్యాయస్థానం తేల్చింది. జర్మనీలో ఒంటి చేత్తో తెరుచుకొని తాళం పడే చాకులను బహిరంగంగా వెంట తీసుకువెళ్లడంపై 2008 నుంచి ఆంక్ష ఉంది. బ్రిటన్‌లోని సౌతాంప్టన్‌లోనో జర్మనీలోని హాంబర్గ్‌లోనో ఓడ ఎక్కే మనవాళ్లు, ఓడవాళ్లు అనుమతించిన వస్తువే కదా అని దాన్ని నడుముకు పెట్టుకొని ఊరు చూడటానికి దిగితే, సమాధానం చెప్పుకోవలసింది అక్కడి పోలీసులకు.

పోనీ, ఓడలో దానికి తగిన పని ఉందా అంటే అదీ లేదు. గదిలో మర వదులైనా, తలుపు బిగుసుకున్నా ఫోన్ చేస్తే ఓడ సిబ్బంది వచ్చి సరిచేస్తారు. ఓడ గదిలోని బిగింపులను మనం విప్పడం అసలే తగదు. ఇంట్లో, కారులో, పొలం దగ్గర ఎంతో విలువైన ఈ పరికరాన్ని క్రూయిజ్‌కు మాత్రం తీసుకువెళ్లవద్దని నిస్సంకోచంగా చెబుతాను.

చిన్న చాకు సంగతి ఇంత తేలికగా తేలదు. విక్టోరినాక్స్ క్లాసిక్ అని అందరికీ తెలిసిన ఎర్ర పిడి చాకు ముడిచినప్పుడు 58 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలంత. అందులో అంగుళంన్నర బ్లేడు, సన్నని స్ప్రింగ్ ఉన్న బుల్లి కత్తెర, కొసన స్క్రూడ్రైవర్‌గా పనికొచ్చే గోళ్ల ఆకురాయి, పిడి చివర దూర్చి ఉంచిన పళ్లపుల్ల, ముల్లు లాగే పట్టకారు ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన అధికారుల చాకు వంశంలో ఇది బాగా బుజ్జిది. బ్లేడుకు తాళం లేదు కనుక బ్రిటన్ నియమానికీ లోబడుతుంది. భారతదేశంలో ఆయుధాల నియమాలు పట్టించుకునే 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు దరిదాపులకు కూడా ఇది రాదు.

నా దగ్గర అలాంటిది ఒకటి ఉండేది, నాన్నగారు ఇచ్చినది. మొదటి క్రూయిజ్‌కు దాన్ని పెట్టెలో వేసుకున్నాను. సాయంత్రానికి అందరి పెట్టెలూ గది తలుపుల ముందుకు వచ్చాయి, నాది రాలేదు. తరువాత వచ్చిన చీటి పట్టుకొని కింది డెక్‌లోని ఒక చిన్న గదికి వెళ్లితే, అక్కడ బల్ల మీద ఇస్త్రీ పెట్టెలు, ఎక్స్‌టెన్షన్ బోర్డుల పక్కన నా పెట్టె ఉంది. అధికారి మర్యాదగానే పెట్టె తెరవమని, చాకు బయటకు తీయించి, బ్లేడును గోటితో తెరిచి చూశారు. తమ కంపెనీ ఏ చాకునూ అనుమతించదని చెప్పి, దాన్ని ఒక కవరులో వేసి, దాని మీద గది నంబరు రాసి, రశీదు నా చేతికిచ్చారు. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు, జాబితా చదవకపోవడం నా తప్పు.

ప్రయాణం ముగిసిన రోజు ఉదయం రశీదు చూపి కవరు తీసుకున్నాను. అయితే దిగే ముందు రాత్రే పెద్ద పెట్టెలను గది బయట పెట్టేయాలి, వాటిని సిబ్బంది ఒడ్డుకు చేర్చేస్తారు. అందువల్ల ఉదయం చేతికొచ్చిన చాకును వేయడానికి చేతిసంచీ తప్ప మరొకటి లేకపోయింది. టెర్మినల్‌లో పెట్టె కనబడినప్పుడు పిల్లల సందడిలో చాకును అందులోకి మార్చాలన్న మాటే మరిచాను. విమానాశ్రయంలో చేతిసంచీ ఎక్స్‌రే దగ్గర ఆగినప్పుడు గాని గుర్తుకు రాలేదు. అప్పటికే చెకిన్ పెట్టె వెళ్లిపోయింది, విమానానికి సమయం లేదు. అక్కడున్న డబ్బాలో దాన్ని నా చేత్తోనే వేశాను. వారం రోజులు ఓడలో భద్రంగా ఉన్న వస్తువు విమానం దగ్గర పోయింది. ఆ ఎర్ర పిడి మీద నాన్నగారి బొటనవేలు అరగదీసిన చోటు ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

మూడో దారి చూద్దాం. వేలెడు పొడవైన, మొన గుండ్రంగా ఉన్న కత్తెర, దానితో పాటు బ్లేడు లేకుండా స్క్రూడ్రైవర్, మూత తీసే కొక్కెం మాత్రమే ఉన్న చిన్న టూల్. అమెరికా విమానాల్లో ఇరుసు నుంచి 4 అంగుళాలకు మించని కత్తెరను, 7 అంగుళాలకు మించని పనిముట్టును చేతిసంచీలోనే అనుమతిస్తారు. చాకు బ్లేడు ఉన్న మల్టీ టూల్‌ను మాత్రం అది ఎంత చిన్నదైనా ఒప్పుకోరు. అక్కడి భద్రతా సంస్థ 2013 మార్చిలో 2.36 అంగుళాల లోపు చాకులను విమానంలోకి అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది సంఘాల నుంచి వచ్చిన తీవ్ర వ్యతిరేకత వల్ల అదే ఏడాది జూన్‌లో ఆ ఆలోచన విరమించుకుంది. కొన్ని ఓడల జాబితాల్లోనూ కత్తెర మీద ఉన్న ఉదారత చాకు మీద కనబడదు. భారత్‌లో విమానం ఎక్కేటప్పుడు మాత్రం కత్తెరనూ చెకిన్ పెట్టెలోనే పెట్టుకోవడం క్షేమం.

ఇక వాడకం మాటకొస్తే, క్రూయిజ్‌లో మనకు పడే కోత పనులన్నీ కత్తెర పనులే. లగేజీ ట్యాగు ప్లాస్టిక్ పట్టీ తెంపడం, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, జంతికల సీలు ప్యాకెట్లు తెరవడం, మాత్రల రేకు చింపడం, కొత్త చొక్కా దారం కత్తిరించడం. పండు కోసుకోవాలని చాకు పెట్టుకునేవారున్నారు. ఓడలో కోసిన పండ్లు పొద్దున్నుంచీ దొరుకుతాయి, వాటిని ఒడ్డుకు తీసుకువెళ్లడాన్ని చాలా దేశాలు నిషేధిస్తాయి. ఈ అన్ని కారణాల వల్ల విమానం ఎక్కి క్రూయిజ్‌కు వెళ్లేవారికి కత్తెర, బ్లేడు లేని టూల్ జంటే మేలని నా నిర్ణయం. ఆ చాకు పోయినప్పటి నుంచి నేను వాటినే వాడుతున్నాను, ఒక్క పనికీ లోటు కలగలేదు.

విశాఖపట్నంలో 2023లో ప్రారంభమైన క్రూయిజ్ టెర్మినల్‌కు కారులోనో రైలులోనో చేరుకొని ఓడ ఎక్కేవారికి విమానం బెడద లేదు. వారు వెళ్లే ఓడ జాబితా చిన్న చాకును స్పష్టంగా అనుమతిస్తే దాన్ని తీసుకువెళ్లడంలో అభ్యంతరం చూపను. అయినా జ్ఞాపకంగా దాచుకున్నదాన్ని కాకుండా, పోయినా బాధ లేనిదాన్ని ఎంచుకోవాలి. పెట్టె అడుగున దాచడం కంటే తనిఖీ బల్ల దగ్గరే అధికారికి చూపి అడగడం మంచిది. తీసుకుంటామంటే రశీదు అడిగి దాన్ని పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణం విమానంలో అయితే, చివరి ఉదయం చాకు చేతికొచ్చాక టెర్మినల్‌లో మన పెట్టె కనబడగానే అక్కడే నేల మీద తెరిచి, బట్టల మడతల మధ్య దాన్ని పెట్టి, జిప్ వేసిన తరువాతే విమానాశ్రయానికి కారు ఎక్కాలి.