సన్నమెడ గుల్దాన్లకు 365 యూవీ టార్చ్: చాన్నాళ్లు వాడాక

ఒకటి రెండు పూలు మాత్రమే పట్టే సన్నమెడ గుల్దాన్లు ఏరుకునేవాళ్లకు ముందే చెప్పేస్తా. 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చ్ కొనదగ్గ వస్తువే. వయసు చెప్పేస్తుందని కొంటే మాత్రం డబ్బులు దండగ. అతుకులు పట్టిస్తుంది, గాజులో ఏం కలిపారో కొంతవరకు చెబుతుంది. ఎంత పాతదో తేల్చాలంటే వాజు అడుగే చూడాలి. దానికి పది రెట్ల భూతద్దం చాలు, టార్చ్ కంటే చాలా చవక.

నల్గొండ, మహబూబ్‌నగర్ కబాడీ దుకాణాలు, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, గద్వాల, వనపర్తి వైపు పాత ఇళ్లు విప్పినప్పుడు బయటపడే సామాను: వీటి మీద వాడి రాస్తున్నది ఇది. ఎక్కువగా గాజు, పింగాణీ, అక్కడక్కడా బిద్రీ (నల్లటి లోహం మీద వెండి పొదిగే బీదర్ పని).

చవగ్గా దొరికే 395 టార్చ్ దేని మీద వేసినా ఊదారంగే కనిపిస్తుంది, వస్తువు నుంచి వచ్చే అసలు మెరుపు అందులో కలిసిపోతుంది. యురేనియం గాజుకైతే అదీ సరిపోతుంది, పచ్చటి మెరుపు దాచినా దాగదు. మాంగనీసు గాజు, జిగురు, పైన దిద్దిన రంగు కనిపించాలంటే ముందు నల్ల ఫిల్టర్ బిగించిన 365 కావాలి. టార్చ్ అసలుదో కాదో చూడ్డానికి ఐదొందల నోటు చాలు. చీకట్లో నోటు కాగితం నల్లగానే ఉండి, నంబర్లూ సన్నటి పోగులూ మాత్రమే వెలగాలి. నోటంతా ఊదాగా కనిపిస్తే ఫిల్టర్ లేనట్టే.

బజార్లో ఎండలో టార్చ్ పనిచేయదు. మందపాటి నల్లగుడ్డ సంచిలో వాజు పెట్టి, మూతి దగ్గర కళ్లు ఆనించి లోపలికి వేయాలి. చుట్టుపక్కలవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. సంచి తెల్లగుడ్డదైతే లాభం లేదు, సబ్బుపొడిలోని తెలుపు మందు నీలంగా మెరిసి అన్నిటినీ కమ్మేస్తుంది. అమ్మేవాళ్లు సర్ఫుతో కడిగి పెట్టిన వాజు కూడా ఇలాగే మోసం చేస్తుంది, మంచినీళ్లతో తొలిచాకే చూడండి. పాలికార్బనేట్ కళ్లద్దాలు తప్పనిసరి. మెరిసే గాజు మీద పడి కంటికి తిరిగొచ్చే వెలుగు తక్కువేం కాదు.

గట్టి ఆకుపచ్చ మెరుపు అంటే యురేనియం. బొహీమియాలో 1830లలో మొదలైన ఈ గాజును ఇప్పటికీ చేస్తున్నారు, కాబట్టి మెరిసిందని పాతదైపోదు. నీరసంగా, పల్చగా ఆకుపచ్చ కనిపిస్తే మాంగనీసు. గాజులో ఇనుము వల్ల వచ్చే పచ్చదనం పోగొట్టడానికి దాన్ని కలిపేవారు. ఈ రెండింటినీ ఒకటే అని అంటగట్టే అమ్మకందార్లు ఉన్నారు. తేడా తెలుసుకోవాలంటే టార్చ్‌ను రెండు మూడడుగులు వెనక్కి జరపండి. మాంగనీసు ఆరిపోయినట్టవుతుంది, యురేనియం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. పసుపు, నారింజ మెరుపైతే కాడ్మియం ఉండొచ్చు.

టార్చ్ డబ్బు వసూలయ్యేది అతుకుల దగ్గర. మెడ విరిగిన వాజును ఎపాక్సీతో అంటిస్తే పగలు వెంట్రుకంత గీత కూడా కనిపించదు. యూవీలో మెడ చుట్టూ పాలలాంటి తెల్లటి ఉంగరం తేలుతుంది. పింగాణీ మీద కొత్తగా వేసిన రంగు, పక్కనున్న పాత గ్లేజుతో కలవకుండా మచ్చలా విడిగా నిలుస్తుంది. ఇంకో రకం: పెద్ద పూలస్టాండులో ఇత్తడి గూటిలో దిగే గాజు బాకాను విడదీసి, చెక్క దిమ్మకు అంటించి గుల్దాన్ పేరుతో అమ్ముతారు. దిమ్మ అంచున జిగురు మెరుస్తుంది. బాకా కొన దగ్గర గరుకుగా అరగదీసిన మొన, పాత ప్లాస్టర్ ముక్కలు భూతద్దానికి దొరుకుతాయి.

ఇక భూతద్దం. వాజు తలకిందులు చేసి, నేలకు ఆనే అంచు మాత్రమే చూడండి. ఏళ్లపాటు అరల మీద జరిగిన వాజుకు అక్కడ సన్న గీతలు అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి, కొన్ని లోతుగా, కొన్ని పైపైన. ఉప్పుకాగితంతో రుద్దినదైతే గీతలన్నీ ఒకే వైపు దువ్వినట్టు ఉంటాయి. అడుగు మధ్యలో నేలకు తగలని గుంటలో కూడా గీతలుంటే అడగాల్సిన పనే లేదు, పక్కన పెట్టేయండి. తయారీలో వాజును పట్టుకున్న కడ్డీ విరిచిన మచ్చ, గాలి బుడగలు చూసి పాతదని తేల్చకండి. చేత్తో ఊదే గాజు ఇవాళ్టిదైనా రెండూ వస్తాయి, ఫిరోజాబాద్ సరుకులో కావల్సినన్ని కనిపిస్తాయి. మూతి అంచు కూడా తడమాలి. మంటకు కరిగిన అంచు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పెచ్చు లేచిందని అరగదీస్తే చదునుగా, మసగ్గా మారి గోటికి పదునుగా తగులుతుంది. చుట్టూ బంగారు గీత ఉండాల్సిన వాజుకు మూతి దగ్గర అది లేకపోతే మెడ కొంత కోసేశారన్నమాట.

మన దగ్గర ఎక్కువ తగిలే తలనొప్పి లోపలి మసక. నల్గొండ బోరునీళ్లు పోసి పూలు పెట్టిన వాజులో తెల్లటి చారలు కట్టడం మామూలే. అది సున్నపు పొరైతే పోతుంది. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున గుప్పెడు బియ్యం, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి ఊపండి. ఇసుక వద్దు, గీతలు పడతాయి. లోపల రంగు, బంగారు పూత ఉంటే ఈ వైద్యం చేయకండి. గాజే చెడి మసకబారితే మాత్రం ఏ పులుపుకూ పోదు. నీళ్లు గాజులోని క్షారాన్ని లాగేయడం వల్ల వచ్చే జబ్బు అది. కొనేముందే తెలియాలంటే వాజు పొడిగా ఉండాలి. తడిపితే మసక మాయమై, ఆరగానే తిరిగొస్తుంది. కొందరు లోపల నూనె పూసి అమ్ముతారు, అందుకే దూది చుట్టిన పుల్లతో ఒకసారి తుడవండి.

సీసం కలిసిన క్రిస్టలా, మామూలు గాజా తేల్చడానికి టార్చ్ మీద ఆధారపడకండి, వంటింటి త్రాసు మేలు. ఐదు కిలోల త్రాసు, ఒక గ్రాము తేడా చూపేది చాలు. పొడి వాజు తూయండి. పైభాగం కోసిన ఐదు లీటర్ల నీళ్ల క్యాన్‌లో మూడు లీటర్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. వాజు మెడకు దారం కట్టి, ఆ నీళ్లలోనే పూర్తిగా ముంచి, లోపలి గాలి బుడగలన్నీ పోనిచ్చి, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. బయట నీళ్లు నింపి దించితే వాటి బరువూ కలిసి లెక్క తప్పుతుంది. మొదటి బరువును, వాజు వేలాడుతుండగా త్రాసు చూపే అంకెతో భాగించండి. 310 గ్రాముల వాజుకు 124 వస్తే 2.5, మామూలు గాజు. 103 వస్తే 3, సీసం ఉన్నట్టు.

ఇదే లెక్క బిద్రీకీ పనికొస్తుంది. అసలు బిద్రీ జింకు ఎక్కువ, రాగి తక్కువ ఉన్న లోహం కాబట్టి 7 చుట్టూ వస్తుంది. అల్యూమినియానికి నల్లరంగు పూసినదైతే 2.7. పని అయ్యాక బిద్రీని వెంటనే ఆరబెట్టండి. అడుగున కనిపించని చోట అసిటోన్ దూది కూడా రాయవచ్చు. మొదటి దూదికి నూనె మురికి రావడం సహజం. రెండోదానికీ నలుపు దిగుతుంటే అది రంగే. ఇత్తడి పాలిష్ మాత్రం బిద్రీ దరిదాపులకు రానీయకండి, అసలు నలుపు కూడా పోతుంది.

పింగాణీ అడుగు ముద్రలకు అసిటోన్ ఇంకా బాగా పనిచేస్తుంది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1952 దాకా ఉన్న అమెరికా నాయకత్వంలోని మిత్రదేశాల అధీనం నాటిది కావాలి. కాల్చిన ముద్ర చెరగదు, తర్వాత రబ్బరు ముద్రతో కొట్టింది దూదికి అంటుకొచ్చేస్తుంది. ‘వెస్ట్ జర్మనీ’ అంటే 1949కి ముందుది కాదు. వెండి వాజుల్లో ‘ఈపీఎన్‌ఎస్’ ఉంటే వెండి పూతే. నిజం వెండి అయినా అడుగున రాళ, సిమెంటు నింపినవి చాలా ఉంటాయి. తూకం లెక్కన వెండి ధర కట్టి కొనకండి.

టార్చ్‌తో చిరాకులూ ఉన్నాయి. పూర్తి వెలుగు మీద పెడితే రెండు మూడు నిమిషాలకే చేయి కాలేంత వేడెక్కి వెలుగు తగ్గుతుంది, ఆపి ఆపి వాడాలి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే 18650 బ్యాటరీ పాడవుతుంది. వానాకాలం తేమకు ఫిల్టర్ మీద మసక కడుతుంది, మెత్తటి గుడ్డతో తుడుస్తుండాలి. పగిలితే ఫిల్టర్ విడిగా దొరుకుతుంది. వ్యాసం, మందం రెండూ కొలిచాకే ఆర్డర్ పెట్టండి, అర మిల్లీమీటరు ఎక్కువైనా మర బిగియదు.