ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే యాప్‌లో మందు కొనేముందు ఇది చదవండి

బత్తాయి రైతులందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా గుర్రంపోడు దగ్గర ఊరు, నాలుగెకరాల తోట. ఆకు ఫొటో పెడితే ఏఐ తెగులు పేరు, మందు పేరు చెబుతుందనే ఒక యాప్‌ను నమ్మి 6,547 రూపాయలు పోగొట్టుకున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి యాప్ పేరు రాయడం లేదు. పేరు ఏదైనా సరే, కింద చెప్పిన పద్ధతి కనిపిస్తే అక్కడే ఆగండి.

జూన్‌లో కొత్త ఆకులు చిన్నగా, సన్నగా వచ్చాయి. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్యలో పసుపు తిరిగింది. ఫొటో పెట్టగానే 'శిలీంధ్ర తెగులు, తీవ్రత ఎక్కువ' అని వచ్చింది. దాని కింద ఎర్ర అంకెలతో గడియారం తిరుగుతోంది. 48 గంటల్లో మందు కొట్టకపోతే తోటంతా పాకుతుందట. బోరు ఎండి ఒకసారి యాభై చెట్లు పోగొట్టుకున్నవాణ్ణి, గుండె ఝల్లుమంది. చూపించిన మూడు మందుల్లో రెండు ఆర్డర్ పెట్టాను. 4,150 రూపాయలు.

మందు కొట్టి ఇరవై రోజులైనా ఆకు అట్లనే ఉంది. కొమ్మ విరుచుకుని ఉద్యాన అధికారి దగ్గరికి పోయాను. ఆయన ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, "ఇది తెగులే కాదు, జింకు లోపం" అన్నారు. జింకు సల్ఫేట్ పిచికారీ రాసిచ్చారు. తర్వాత వచ్చిన చిగురు పచ్చగా వచ్చింది.

ఇంటికొచ్చి ఒకే ఆకును నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి, అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఫొటో తీసి యాప్‌లో పెట్టాను. మూడుసార్లు మూడు తెగుళ్ల పేర్లు చెప్పింది. మందులు మాత్రం మూడుసార్లూ ఒకే కంపెనీవి. 'కచ్చితంగా చెప్పలేను, అధికారికి చూపించండి' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మా అమ్మాయి స్క్రీన్ పెద్దది చేసి చూస్తే మందు డబ్బా బొమ్మ మూలన బూడిద రంగులో 'స్పాన్సర్డ్' అని ఉంది. ఏఐ పొరపాటు పడితే అర్థం చేసుకోగలను, మనుషులూ పడతారు. కానీ డబ్బులు తీసుకుని చూపించే మందును వైద్యం లాగా మన ముందు పెట్టడం పొరపాటు కాదు, మోసం.

మిగతా 2,397 సంగతి. ఆర్డర్ పెట్టేటప్పుడు 'ఒక్క రూపాయికి ఏడు రోజుల ప్రీమియం' అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉంది. నేను తీసేయబోతే వచ్చిన బటన్ మీద 'వద్దు, నా తోట ఏమైపోయినా ఫరవాలేదు' అని రాసి ఉంది. ఏ రైతు దాన్ని నొక్కుతాడు? యూపీఐ పిన్ కొట్టాను. ఆ పిన్‌తోనే ఆటోపేకి, అంటే నెలనెలా డబ్బు దానంతటదే పోయే ఏర్పాటుకి, ఒప్పుకున్నట్టయింది. నెలకు 799 చొప్పున మూడు నెలలు పోయాయి. డబ్బులు తీసే ముందు రోజు మెసేజ్ రావాలన్నది నియమం, వచ్చింది కూడా. ఇంగ్లీషులో, పది మెసేజ్‌ల నడుమ. యాప్ అంతా తెలుగులోనే ఉంది. షరతుల పేజీ, రద్దు చేసే పేజీ మాత్రం ఇంగ్లీషులో.

యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. నేను ఆగుతుందనుకున్నాను, అందుకే మూడో నెల డబ్బులు కూడా పోయాయి. మీరు డబ్బు కట్టే యూపీఐ యాప్‌లోకే పోయి, ఆటోపే అన్నచోట ఆ మ్యాండేట్‌ను, అంటే మనం ఇచ్చిన అనుమతిని, రద్దు చేయాలి. ఈ రాత్రే ఒకసారి తెరిచి చూడండి. మా ఊళ్లో నలుగురి ఫోన్లు చూస్తే ఇద్దరికి తెలియకుండా నడుస్తున్నాయి.

ఇలాంటివాటికి చట్టంలో పేరుంది, డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, సిగ్గుపడేలా చేసి ఒప్పించడం, ప్రకటనను సలహాలా చూపించడం, చందా ఉచ్చు అన్నీ అందులో ఉన్నాయి. ముందే పెట్టిన టిక్‌ను కొనేవాడి ఒప్పుదలగా లెక్కపెట్టకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలే చెబుతున్నాయి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. ఆర్డర్, టిక్ ఉన్న పేజీ, ఆ బటన్, డబ్బు పోయిన మెసేజ్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, అవి లేకపోతే చెప్పుకోవడం కష్టం. కంపెనీ ఒక నెల 799 మాత్రం వెనక్కి వేసింది. మిగతాది, మందుల డబ్బులు ఇవ్వకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. కొన్న విలువ 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. ఇదే యాప్‌తో ఇబ్బంది పడినవాళ్లు ఉంటే మీ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టండి, కలిసి పోదాం.