రస్ట్‌లో ఓవర్‌ఫ్లో: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సీ, జావా ప్రోగ్రామింగ్ భాషల్లో ఏళ్ల తరబడి కోడ్ రాసి రస్ట్ అనే భాషకి వచ్చాను. రస్ట్ అనగానే అందరూ మెమరీ భద్రత గురించి చెబుతారు. నాకు మాత్రం మామూలు కూడిక దగ్గరే ఈ భాష మీద గురి కుదిరింది. ఫలితం ఆ సంఖ్యకి ఎంచుకున్న టైప్ హద్దుల్లో పట్టకపోతే, అంటే ఓవర్‌ఫ్లో అయితే, ఏం జరగాలో అక్కడికక్కడే రాయొచ్చు.

యూ8 అనే 8 బిట్ల పూర్ణాంక టైప్ తీసుకోండి. అందులో 0 నుంచి 255 వరకే పడతాయి. 200కి 100 కలిపితే చెక్డ్ యాడ్ అనే ఫంక్షన్ ‘నన్’ ఇస్తుంది, అంటే సమాధానం లేదని. శాచురేటింగ్ యాడ్ 255 దగ్గర ఆగిపోతుంది. ర్యాపింగ్ యాడ్ మళ్లీ సున్నా నుంచి మొదలై 44 దగ్గర తేలుతుంది. డబ్బు లెక్కలకి చెక్డ్, పిక్సెల్ రంగులకి శాచురేటింగ్, హాష్‌లకి (డేటాకి గుర్తుగా లెక్కించే సంఖ్యలకి) ర్యాపింగ్ వాడతాను. వేరేవాళ్ల కోడ్ రివ్యూ చేసేటప్పుడు ఇది ఎంత హాయో! వాళ్ల ఉద్దేశం ఫంక్షన్ పేరులోనే ఉంటుంది.

సీలో సైన్డ్ ఇంటీజర్ (రుణ సంఖ్యలు కూడా పట్టే పూర్ణాంకం) హద్దు దాటితే ఏమవుతుందో ఆ భాష ప్రమాణమే చెప్పదు. అలా ఎప్పుడూ జరగదనే లెక్కతో, కూడిన తర్వాత మనం పెట్టుకున్న తనిఖీని కంపైలర్ తీసిపారేయొచ్చు కూడా. జావాలో చుట్టు తిరగడం ఖాయమే, కానీ చప్పుడు చేయదు. జావా 8 నుంచి, హద్దు దాటితే ఎర్రర్ ఇచ్చే యాడ్ ఎగ్జాక్ట్ ఉన్నా, గుర్తుపెట్టుకుని పిలవాల్సింది మనమే.

రస్ట్ మీద నా ఫిర్యాదు మామూలు ప్లస్, మైనస్‌ల గురించి. హద్దు దాటితే డీబగ్ బిల్డ్‌లో (మనం పరీక్షించుకునేదాంట్లో) పానిక్ అవుతుంది, అంటే ఎర్రర్‌తో ఆగిపోతుంది; రిలీజ్ బిల్డ్‌లో (వాడకానికి ఇచ్చేదాంట్లో) డిఫాల్ట్‌గా చుట్టు తిరుగుతుంది. ఖాళీ వెక్టర్ (జాబితా) పొడవులోంచి 1 తీసేస్తే రిలీజ్‌లో, 64 బిట్ల మెషీన్ మీద 18446744073709551615 వస్తుంది. దాంతో లూప్ నడిస్తే టెన్షన్ ఎవరికో చెప్పనక్కర్లేదు. అందుకే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే రస్ట్ బిల్డ్ టూల్ అయిన కార్గో ఫైల్‌లో రిలీజ్ ప్రొఫైల్ కింద ఓవర్‌ఫ్లో చెక్స్ ఆన్ చేస్తాను. నేను రాసే సర్వర్ కోడ్‌లో దానివల్ల వేగం తగ్గినట్టు ఎప్పుడూ అనిపించలేదు. రాత్రింబవళ్లు లెక్కలే చేసే కోడ్ అయితే కొలిచి చూసుకోండి.

ఆ సెట్టింగ్‌కి కూడా చిక్కనిది, ఒక టైప్‌ని ఇంకో టైప్‌గా మార్చే ‘యాజ్’. వేరియబుల్‌లో ఉన్న 300ని యాజ్‌తో యూ8గా మారిస్తే 44 అవుతుంది, -1ని యూ32గా (రుణ సంఖ్యలు పట్టని 32 బిట్ల టైప్) మారిస్తే 4294967295. డీబగ్‌లోనూ హెచ్చరిక రాదు. కూడికల్ని జాగ్రత్తగా చూసేవాళ్లు కూడా టైప్ మార్పిడిని పట్టించుకోకపోవడం చాలాసార్లు చూశాను. 1996లో ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైంది ఇలాంటి చోటే: 64 బిట్ల ఫ్లోట్‌ని (దశాంశ సంఖ్యని) 16 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌గా మార్చబోతే విలువ పట్టలేదు. నా కోడ్‌లో ఇంటీజర్ల మధ్య మార్పిడికి, విలువ పట్టకపోతే ఎర్రర్ ఇచ్చే ట్రై ఫ్రమ్ తప్ప ఇంకోటి వాడను. లైను పొడుగవుతుంది, అయినా సరే. యాజ్ ఎక్కడైనా దూరితే పట్టుకోవడానికి క్లిప్పీ అనే కోడ్ తనిఖీ టూల్‌లో లింట్లు (తనిఖీ నియమాలు) ఉన్నాయి.

ఫ్లోట్‌ల సంగతి ఇంకా తేలలేదు. 2020లో వచ్చిన 1.45 వెర్షన్ నుంచి, పెద్ద ఫ్లోట్‌ని యాజ్‌తో ఇంటీజర్ చేస్తే గరిష్ఠ విలువ దగ్గర ఆగుతుంది. అంతకుముందున్న అనిశ్చితి కన్నా ఇది ఎంతో నయం. కానీ నాన్ (‘సంఖ్య కాదు’ అని సూచించే ఫ్లోట్ విలువ) కాస్తా 0 అయిపోతుంది. అసలు సంఖ్యే కానిది సున్నాగా లెక్కలో కలిసిపోవడం నాకు మింగుడుపడదు. ఫ్లోట్ నుంచి ఇంటీజర్‌కి ట్రై ఫ్రమ్ ప్రామాణిక లైబ్రరీలో లేదు కాబట్టి, నాన్‌నీ హద్దుల్నీ చూసే చిన్న ఫంక్షన్ రాసుకుని ప్రతి ప్రాజెక్టులోనూ పెట్టుకుంటున్నాను. అది లైబ్రరీలోనే వచ్చేదాకా నా రేటింగ్ ఐదుకి నాలుగు.