బోసినోటి కుక్కకు ఏ ట్రీట్ మేలు?

పన్నెండేళ్లు దాటాక మా కుక్క ముసలమ్మకి డాక్టర్ ఒకేసారి 17 పళ్లు తీసేశారు. ఎదిగిన కుక్కకి 42 పళ్లుండాలి. అంతకుముందే ఊడినవి కూడా లెక్కేస్తే దానికిప్పుడు మిగిలినవి తొమ్మిదే. కింది కోరపళ్లు రెండూ లేకపోవడంతో నాలుక పక్కకి జారి వేలాడుతూ ఉంటుంది. చూడ్డానికి భలే ముద్దుగా ఉంటుందిలెండి.

కుట్లు మానేదాకా, అంటే రెండు వారాలపాటు, మెత్తటి అన్నమే పెట్టాం. తర్వాత కూడా తిండికి ఇబ్బందేమీ రాలేదు. కుక్క మనలా తీరిగ్గా నమిలే జంతువు కాదు. దాని దవడ పైకీ కిందకీ ఆడుతుంది తప్ప పక్కలకి పెద్దగా కదలదు. దవడ పళ్లు కత్తెరలా ముక్క కోస్తాయి, ఆపైన మింగడమే. అసలు టెన్షనంతా ట్రీట్లతో, అంటే మెచ్చుకోలుగా పెట్టే చిరుతిళ్లతో వచ్చింది. కత్తెర పోయింది కానీ ఆత్రం అలాగే ఉంది. చేతిలో ఏది కనబడితే అది గుటుక్కున మింగేస్తోంది.

ముందు అందరిలాగే ప్యాకెట్ మీద 'సాఫ్ట్' అని రాసి ఉన్న ట్రీట్లు తెచ్చాను. బొటనవేలితో నొక్కితే అణిగింది, వదలగానే రబ్బరులా మళ్లీ పైకి లేచింది. అక్కడే నాకు అర్థమై ఉండాల్సింది. ముసలమ్మ దాన్ని చిగుళ్ల మీద రెండుసార్లు దొర్లించి, ముక్క ముక్కలాగే మింగి, ఒక నిమిషం దగ్గింది. ఆ నిమిషం నాకు ఊపిరాడలేదు. మెత్తగా ఉంటే చాలదు, వేళ్ల మధ్య చిదిమితే పొడిగానో ముద్దగానో విడిపోవాలి. ఇప్పుడు ఏది కొన్నా నేను చేసే పరీక్ష ఇదొక్కటే. ఆ సాఫ్ట్ ట్రీట్లని పారేయలేదు. శనగగింజంత ముక్కలు కోసి వాకింగ్‌కి జేబులో వేసుకెళ్తాను. చేతికి అంటవు, ఫ్రిజ్ అక్కర్లేదు. వాటి ఉపయోగం అంతవరకే.

ఇంట్లో మిగిలిపోయిన పాత బిస్కెట్లని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టడం ఇంకో దారి. అలవాటైన రుచి, పైగా వెచ్చదనానికి వాసన రేగుతుంది. వయసు మీద పడ్డ కుక్కలకి వాసనే సగం రుచి. కాకపోతే మందపాటి బిస్కెట్ పైన మెత్తబడినా నడుమ గట్టిగానే ఉంటుంది, విరిచి చూడాల్సిందే. నానినది తినకుండా వదిలేస్తే పులుస్తుంది. "కూర్చో" అనగానే వెంటనే నోట్లో పెట్టడానికీ కుదరదు.

పళ్ల పనే లేనివి నాలుకతో నాకి తినే పేస్టులు. గరుకుగా ఉండే నాకుడు మ్యాట్ మీద పలచగా రాస్తే ఒక చెంచా పది నిమిషాలు వస్తుంది, ముసలి కుక్క నిమ్మళంగా కూర్చుంటుంది. మా దానికి నాలుక అదుపు తప్పింది కాబట్టి సగం గడ్డానికే అంటుకుంటుంది, అది వేరే సంగతి. ఇందులో జాగ్రత్త పడాల్సింది మనం ఇంట్లోంచి తీసి పూసే వాటితో. పీనట్ బటర్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది కుక్క రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. చంటిపిల్లల సీసా ఆహారంలో ఉల్లి, వెల్లుల్లి పొడి ఉందేమో కూడా చూసుకోవాలి.

ఇన్నిట్లో నా ఓటు మాత్రం ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్‌కే. పీచు వెంబడి చీల్చకూడదు, పొడవాటి పోగులు గొంతులో వేలాడతాయి. పీచుకి అడ్డంగా కోసి, తర్వాత చిదపాలి. మాంసం పడకపోయినా, కిడ్నీ సమస్య ఉండి డాక్టర్ ప్రొటీన్ తగ్గించమన్నా ఉడికించిన చిలగడదుంప ఉంది, చిదిమితే దానికదే ముద్దవుతుంది. ఫ్రీజ్ డ్రైడ్, అంటే గడ్డకట్టించి తడి లాగేసిన మాంసం ముక్కలు కూడా నీళ్లు చల్లితే బాగానే విడిపోతాయి. లివర్‌వి అయితే రోజూ వద్దు, విటమిన్ ఏ మోతాదు మించుతుంది.

ఎముకలు, పచ్చితోలు చూయింగ్ ముక్కలు, పళ్లు శుభ్రం చేస్తాయనే గట్టి స్టిక్కులు మా ఇంట్లో బంద్. మిగిలిన తొమ్మిదిలో ఒక్కటి విరిగినా మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు.

ఏది పెట్టినా రోజు మొత్తం కేలరీల్లో ట్రీట్ల వాటా పదో వంతు దాటకూడదు. చికెన్ పెట్టిన రోజు గిన్నెలో అన్నం కొంచెం తగ్గిస్తాను. రాత్రి ఆ తొమ్మిది పళ్లకీ బ్రష్ వేస్తాను, మెత్తటి తిండి పళ్ల మొదట్లో ఇట్టే పేరుకుంటుంది. బ్రష్ కనబడగానే ముసలమ్మ మంచం కిందకి దూరుతుంది. బయటికి రప్పించడానికి మళ్లీ చికెనే చూపించాలి.