నెల్లూరులో పైలట్ ఆఫర్ లెటర్ కౌన్సెలింగ్: జీతం లెక్క గట్టిదే, ఇంటి లెక్క వేయలేదు

విదేశాల్లో మారుమూల ఎయిర్‌స్ట్రిప్‌లకు చిన్న విమానాలు నడిపే ఉద్యోగం వచ్చిన సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కుర్రాళ్లకు ఆఫర్ లెటర్ చదివి సలహా చెప్పే కౌన్సెలింగ్ సేవ ఒకటి నెల్లూరులో నడుస్తోంది. చివర్లో ఒక లెక్కల కాగితం చేతికిస్తారు. జీతం వరకూ ఆ కాగితాన్ని నమ్మొచ్చు.

‘నెలకు 6,000 డాలర్లు’ అని రాసుంటే అది పన్నెండు నెలలకా, డ్యూటీ విడతలకేనా అన్నదే వాళ్లు మొదట చూస్తారు. 28 రోజులు పని, 28 రోజులు ఆఫ్ ఉండే రోస్టర్‌లో ఏడాదికి ఆరున్నర విడతలు. విడతకు 6,000 చొప్పునే ఇస్తే 72,000 అనుకున్నది 39,000కి దిగుతుంది. టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక అర్హత) ఖర్చు కంపెనీ పెట్టుకుంటే బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే బాకీ గడిచిన నెలలకు తగ్గుతుందా లేక మొత్తం కట్టాలా అన్నదీ పట్టుకుంటారు. వైద్య పరీక్షలో తప్పి ఎగరడానికి పనికిరాకుండా పోతే ఆదుకునే లైసెన్స్ బీమా గురించి కూడా అడగమంటారు. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

ప్రయాణం దగ్గరే తేడా వస్తుంది. నెల్లూరులో విమానాశ్రయం లేదు. చెన్నైకి రైల్లోనో హైవే మీదనో మూడు గంటలు, అక్కణ్ణుంచి విమానాలు మారి బోట్స్‌వానాలోని మౌన్ లాంటి ఊరు చేరేసరికి దాదాపు రెండ్రోజులు. రానూపోనూ నాలుగు. కనిగిరి, పొదిలి వైపు వాళ్లకు ఇంకో పూట అదనం. ఆ నాలుగు రోజులూ కంపెనీ ఆఫ్‌లోంచే కోస్తే 28 కాస్తా 24 అవుతుంది, ఏడాదికి 26 రోజులు పోయినట్టు. కాగితంలో ఈ గడే లేదు.

42/21 (42 రోజులు పని, 21 ఆఫ్), 56/28 రోస్టర్లను ఒకేలా చూడటం ఇంకో పొరపాటు. రెండింటిలోనూ ఆఫ్ ఏడాదికి 121 రోజులే. ప్రయాణాలు తీసేస్తే మొదటిదాంట్లో ఇంట్లో ఉండేది 98, రెండోదాంట్లో 104. ఆరు రోజులు మిగులుతాయని 56 ఎంచుకుంటే చంటిబిడ్డ రెండు నెలలపాటు నాన్నను ఫోన్లోనే చూడాలి. మౌన్‌లో సాయంత్రం ఆరింటికి విమానం కట్టేసి ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, పిల్లలు నిద్రపోయే వేళ. మాల్దీవుల్లో సీప్లేన్ ఉద్యోగమైతే తేడా అరగంటే. జీతం కాస్త తక్కువైనా చిన్నపిల్లలున్న వాళ్లకు అదే మేలని మా అభిప్రాయం.

పన్ను గురించి చెప్పింది ఒక్క వాక్యం. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే నివాసి అవుతారు, బయటి జీతమూ ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. 28/28లో ప్రయాణాన్ని డ్యూటీలో కలిపే మంచి కంపెనీ దొరికితే ఏడాదిలో సగం ఇక్కడే ఉంటారు కాబట్టి సరిగ్గా ఈ గీత మీదికే వచ్చి పడతారు. దిగిన రోజు, ఎక్కిన రోజు కూడా కలుపుకుని ఏప్రిల్ నుంచి మార్చి వరకు క్యాలెండర్ మీద గుర్తు పెట్టి ఆడిటర్‌కు చూపించాలి.

అన్నిటికంటే బాధ కలిగించేది, అభ్యర్థిని ఒక్కణ్ణే కూర్చోబెట్టడం. అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లేది, రొయ్యల గుంట దగ్గర రాత్రి ఏరేటర్ ఆగిపోతే పరుగెత్తేది ఇంట్లో ఉన్నవాళ్లే. వాళ్లను అడగకుండా కుదిరిన ఒప్పందం రెండో విడతకే గొడవై కూర్చుంటుంది. అత్యవసర సెలవుకు టికెట్ ఎవరిస్తారు, ఎన్ని గంటల్లో వదులుతారు అన్నది రాతలో ఉండాలి. సంక్రాంతికి రోస్టర్ ముందే మార్పించుకోవచ్చు. రొట్టెల పండగ మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి ప్రతి ఏడాదీ మళ్లీ అడగాల్సిందే.

అయిదుకు మూడు ఇస్తాం. కాంట్రాక్టు భాష అర్థం కానివాళ్లకు వెళ్లదగ్గ చోటే. ఆఫర్ లెటర్‌తో పాటు రోస్టర్ నకలు, టికెట్ల నిబంధన ఉన్న పేజీ పట్టుకెళ్లండి. భార్యనో అమ్మానాన్ననో పక్కన కూర్చోనిస్తామంటేనే ఫీజు కట్టండి.