పికప్ తోలే చేతికి కాంపాక్ట్ ఎస్‌యూవీ: తాడిపత్రి, బెలుం, గండికోట

పికప్ ఉన్నోడికి ఇంట్లో ఒక మాట తప్పదు: బండి ఉండి ఏం లాభం, అందరం కలిసి ఒక ఊరికి పోయింది లేదు. నిజమే. క్యాబిన్‌లో పక్కన ఒకరు కూర్చుంటే సుఖం, ఇద్దరైతే గేర్ రాడ్డు మోకాళ్లకు తగులుతుంది. వెనక తొట్టిలో మనుషుల్ని ఎక్కిస్తే కేసు, కేసు కంటే ముందు ప్రాణభయం. అందుకే గండికోట అని పిల్లలు పట్టుబట్టినప్పుడు మా బామ్మర్దిని అడిగి కారు తెచ్చుకున్నా. నాలుగు మీటర్లలోపు డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, ఆరు గేర్లు. కంపెనీ పేరు చెప్పను. చెబితే దాని అభిమానులొక పక్క, పడనోళ్లొక పక్క చేరి అసలు సంగతి గాలికి పోతుంది. ఈ సైజు బళ్లన్నీ ఎట్లాగూ ఒకే తాను ముక్కలు.

నేను తోలేది బొలెరో పికప్. అనంతపురం నుంచి చీనీకాయలు, టమోటాలు, సీజన్‌లో శెనక్కాయ బస్తాలు. తిరుగు లోడు దొరికితే తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు నుంచి నాపరాళ్లు. కాబట్టి ఈ దారుల్లో గుంత ఎక్కడుందో, బ్రేకర్ ఎక్కడుందో కాలికి తెలుసు. మారింది బండి ఒక్కటే.

ముందు ఇంజన్ సంగతి. మా బండిది 2523 సీసీ, 75 హార్స్‌పవర్, టార్క్ అంటే లాగే బలం 200 న్యూటన్ మీటర్లు. ఈ కారుది లీటరున్నర ఇంజనే, కానీ 115 దగ్గర హార్స్‌పవర్, 250 టార్క్. కాగితం మీద చూస్తే మాది ఓడిపోయినట్టే. తోలితే వేరు. మా ఇంజన్ నిమిషానికి 1400 తిరుగుళ్ల దగ్గరే బలమంతా ఇచ్చేస్తుంది. బుక్కరాయసముద్రం దాటేటప్పుడు వరస బ్రేకర్ల మీద రెండో గేరులో పెట్టి వదిలేస్తే ఇంక క్లచ్ జోలికి పోయే పనుండదు. కారు అట్లా ఒప్పుకోదు. 1500 దాటితే గానీ ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో అందుకోదు, అంతకు కింద గొణుగుతుంది. మాటిమాటికీ గేరు దించాలి. ఒకసారి అందుకుందా, ఇంక దాని ముందర మా బండి నిలవదు. బస్సును దాటాలంటే పికప్‌లో నేను అర కిలోమీటరు ముందు నుంచీ ఆలోచిస్తా. ఇందులో ఖాళీ కనపడితే చాలు, పని అయిపోతుంది. ఈ సులువే కొంచెం ప్రమాదం కూడా. కుర్రోళ్ల చేతుల్లో ఈ బళ్లు ఎందుకట్లా ఎగురుతున్నాయో ఇప్పుడర్థమైంది.

కమాన్ల సంగతి, అంటే కుదుపు మింగే స్ప్రింగుల సంగతి, ఇంకా తమాషా. పికప్ ఖాళీగా పోతే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. టన్ను బరువు పడితేనే దానికి బుద్ధి వస్తుంది, అప్పుడు రోడ్డును పట్టుకుని నెమ్మదిగా పోతుంది. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాన్లు. ఎగరడమన్నదే లేదు. మా యమ్మ నా బండిలో కళ్లు మూసింది ఏనాడూ లేదు, కడ్డీ పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటా కూర్చుంటుంది. ఇందులో సగం దారి కూడా కాకముందే గురక. కారు ఎక్కడానికి కూడా ఆమెకు సులువైంది. మామూలు కారైతే కిందికి వంగాలి, పికప్ అయితే పైకి ఎగబాకాలి. ఇది సరిగ్గా నడుము ఎత్తులో ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లు ఇంట్లో ఉంటే మిగతా హంగులన్నీ పక్కన పెట్టి ఇదొక్కటి చూసి కొనొచ్చు.

నాకు సరిపడనిది కళ్ల ముందుది. పికప్‌లో బానెట్ చివర దాకా కనపడుతుంది, చక్రం ఎక్కడుందో కూర్చున్న చోటి నుంచే తెలుస్తుంది. కారు బానెట్ కిందికి జారి మాయమైపోయింది. అద్దానికి అటూఇటూ ఉన్న స్తంభాలు ఎంత లావంటే, మలుపులో ఒక మోటర్‌సైకిల్ మొత్తం దాని చాటుకు పోయింది. రివర్సుకు మాత్రం కెమెరా. నేను కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తుంటే మా పెద్దోడు ఒకటే నవ్వు.

తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ తిని గుళ్లు చూసుకున్నాం. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్లో చింతల వెంకటరమణుడి గుడి. రెండూ విజయనగర రాజుల కాలం నాటివి. బుగ్గ గుడి గోపురాలు పైదాకా పూర్తి కాలేదు గానీ, ఆ మొండి రాయి మీద చెక్కిన పనికి సాటి చాలా పూర్తయిన గోపురాల్లో లేదు. చింతల వెంకటరమణుడి గుడిలో రాతిరథం ఉంది. హంపీ రథం ముందు ఫొటో దిగడానికి వరసలో నిలబడేవాళ్లు ఇక్కడికి ఎందుకు రారో నాకు తెలీదు. జనం లేరు, తోపులాట లేదు. ఊళ్లో సందులు ఇరుకు. బటన్ నొక్కితే అద్దాలు ముడుచుకోవడం అక్కడ బాగా పనికొచ్చింది. కారు పొడవు కూడా కలిసొచ్చింది. మా పికప్ ఐదు మీటర్లకు అటూఇటూ ఉంటుంది, అది తిప్పుకోలేని చోట ఇది తిరిగింది. నాలుగు మీటర్లలోపు ఉంటే పన్ను తక్కువని కంపెనీలు కత్తిరించిన కొలత ఇది. సందుల్లో తోలేవాడికి మాత్రం వరమే.

కొలిమిగుండ్ల దారిలో రోడ్డుకు రెండు పక్కలా పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లని రాతిబూడిద, అంచుల్లో చితికిన రాళ్లు. లోడు లారీకి దారి ఇవ్వడానికి రోడ్డు దిగిన కార్లకు ఇక్కడ పంక్చర్ మామూలే, మాకూ అయింది. డిక్కీ అడుగున స్టెప్నీ తీసి చూస్తే మిగతా టైర్లకంటే సన్నది, 80 దాటొద్దని దాని మీదే రాసుంది. పికప్‌కు ఐదో టైరు కూడా సమానమైన టైరే. ఆ సన్నదాన్ని నమ్ముకుని గండికోట దాకా పోబుద్ధి కాలేదు, పంక్చర్ షాపు వెతుక్కున్నాం. అక్కడి అబ్బాయి తెల్ల బోర్డు (సొంత బండి నంబరు ప్లేటు), లోపల ఆడోళ్లు, పిల్లలు చూసి టూరిస్టు రేటు చెప్పాడు. నాపరాళ్ల లోడు గురించి రెండు మాటలు మాట్లాడగానే “పికప్ అన్నా నీది?” అని మామూలు రేటుకు దిగాడు. ట్యూబ్‌లెస్ కాబట్టి చక్రం విప్పకుండానే స్ట్రిప్ వేసి పంపించాడు. ఈ దారిలో కారుతో వచ్చేవాళ్లకు ఒక మాట: గాలి ఎంత కొట్టాలో మీరే చెప్పండి. రోజంతా లోడు బళ్లకు కొట్టే చెయ్యి అది. ఈ కారుకు 33 పీఎస్‌ఐ చాలు.

బెలుం గుహలు 3229 మీటర్లు. అందులో చూడనిచ్చేది కిలోమీటరున్నర దాకా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు, 1982లో జర్మనీ వాళ్లు వచ్చి కొలిచారు, జనాన్ని లోపలికి వదిలింది 2002లో. ఇవన్నీ చదివి పోవచ్చు, చదవని సంగతి ఉక్క. ఎండాకాలం కాకపోయినా లోపల చొక్కా తడిసిపోతుంది. అడుగున నీళ్లుండే పాతాళగంగ దాకా దిగి మళ్లీ ఎక్కి రావడం పెద్దోళ్లకు కష్టం. మా యమ్మ మొదట్లోనే బండమీద కూర్చుండిపోయింది, అదే మంచిదైంది. కోటిలింగాల దగ్గర పైనుంచి వేలాడే రాళ్లు, సప్తస్వరాల గుహ, మర్రి ఊడల్లాగా రాళ్లు వేలాడే ఊడలమర్రి. ఊడలమర్రి చూశాక మా చిన్నోడు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. నీళ్లు లోపలికి తీసుకుపోండి. పొద్దున తలుపు తీసే వేళకు పోతే గుంపు తగలదు. పార్కింగుకు స్థలం బోలెడంత ఉంది, నీడ మాత్రం తక్కువ. తిరిగొచ్చేసరికి కారు సీట్లు కాలిపోతున్నాయి. ఏసీ వేసిన కాసేపటికే చల్లబడింది. పికప్‌లో నా ఏసీ తువ్వాలు తడిపి మెడకేసుకోవడమే.

మధ్యాహ్నం తిన్నది నేను లోడుతో పోయేటప్పుడు ఎప్పుడూ ఆగే ధాబాలోనే. డ్రైవర్ల పక్కన కూర్చుంటే సంగటి ముద్ద, శెనక్కాయల చెట్నీ, కోడి పులుసు వేడివేడిగా అడిగిన వెంటనే వస్తాయి. ఈసారి కారు దిగగానే “ఫ్యామిలీ రూమ్ ఉంది సార్” అని లోపలికి తోలారు. అదే వంట, అరగంట ఆలస్యం, బిల్లు ఎక్కువ. సార్ అనిపించుకున్నందుకు కట్టిన రుసుం అనుకున్నా. దారిలో తనిఖీ దగ్గర కూడా అంతే. పసుపు బోర్డు బాడుగ బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్), ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాయితాలు చేతిలో పట్టుకునే పోవాలి. తెల్ల బోర్డును చూసి చెయ్యూపి పంపించేశారు, నాకే ఏదో వెలితిగా అనిపించింది.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్ల చిల్లర. కోట వాకిట్లో మలుపులు ఇరుకు, పాతకాలం ఏనుగుల్ని ఆపడానికి కట్టినవి, ఇప్పుడు కార్లను ఆపుతున్నాయి. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. లోపల మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం పక్కపక్కనే ఉన్నాయి. లోయ చూడాలంటే రంగనాథ ఆలయం దాటి రాళ్ల మీద నడవాలి. కింద ఎర్రమల కొండల్ని కోసుకుంటా పోయే పెన్న. అంచులో అన్నిచోట్లా అడ్డుకంచె లేదు. పిల్లల చెయ్యి వదలొద్దు, సెల్ఫీ కోసం అసలొద్దు.

బసకు రెండు దారులు. కోటకు బయట రోడ్డు మీదే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, పార్కింగ్ విశాలం. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. మాకు దొరకలేదు. చుట్టుపక్కల టెంట్లు వేసి అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, ఒకాయనతో ఫోన్లో మాట్లాడుకుని పోయాం. ఫోన్లో చెప్పింది వేరు, అక్కడున్నది వేరు. మరుగుదొడ్డి చీకట్లో చాలా దూరం, దుప్పట్లు ముందు పడుకున్నోళ్లవే, రాత్రి గాలికి టెంటు గుడ్డ తెల్లార్లూ కొట్టుకుంటానే ఉంది. పిల్లలకు అదే పండగ. మా యమ్మ, ఆడోళ్లు కారులో సీట్లు వెనక్కి వాల్చుకుని పడుకున్నారు. నాకైతే మా పికప్ తొట్టి గుర్తొచ్చింది. టార్పాలిన్ పరిస్తే ఆ టెంటు కంటే అదే మేలు. పెద్దోళ్లతో పోయేవాళ్లు టెంటు జోలికి పోకండి. గది దొరక్కపోతే జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని తెల్లవారుజామున కోటకు రండి. సూర్యోదయానికి ఆ దూరం ఏమంత కాదు.

ఆ టెంట్ల దగ్గరకు పోయే మట్టిదారిలోనే ఎస్‌యూవీ అన్న పేరు ఎంతవరకో తెలిసిపోయింది. చిన్న ఎక్కుడు, పొడి గరుకు నేల. ఈ సైజులో అమ్మేవాటిలో చాలావాటికి లాగేది ముందు చక్రాలే. వెనక ముగ్గురు, డిక్కీలో బరువు, ఎక్కుడులో భారమంతా వెనక్కి పడి ముందు టైర్లు ఉత్తగా తిరిగాయి. మా పికప్‌ను వెనక చక్రాలు తోస్తాయి, బరువు పడేదీ వాటి మీదే. అందుకే లోడుంటే ఇట్లాంటి చోట మొండిగా ఎక్కుతుంది. పిల్లల్ని దించి నెమ్మదిగా పోనిస్తే కారూ ఎక్కింది. ఊరి రోడ్ల గుంతలకు, తోట దాకా పోయే బండ్లబాటకు దీని ఎత్తు సరిపోతుంది. వానలో నల్లరేగడి మీదికి మాత్రం దీన్ని నమ్మి పోను.

తిరుగు దారి ముద్దనూరు, తాడిపత్రి మీదుగా గుత్తికి వచ్చాం. గుత్తి కోట కిందనుంచే చూసి దణ్ణం పెట్టుకున్నాం, ఎక్కే ఓపిక ఎవరికీ లేదు. మద్రాసును ఏలిన ఆంగ్లేయ గవర్నర్ థామస్ మన్రోను 1827లో మొదట పాతిపెట్టింది ఈ ఊళ్లోనే, తర్వాత మద్రాసుకు మార్చారు. అక్కడినుంచి 44వ నంబరు హైవే. మా పికప్‌కు 80 దగ్గర వేగాన్ని ఆపే పరికరం, స్పీడ్ గవర్నర్, పట్టేస్తుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకు 100 దాకా అనుమతి. ఇన్నేళ్లు ఎడమ లైన్లో పోయినోణ్ణి, కుడి లైన్ ఎట్లుంటుందో చూశా. ఆరో గేరులో ఇంజన్ చప్పుడే లేదు, మాట్లాడుకుంటా వచ్చాం. మైలేజి పద్దెనిమిది దాటింది. పికప్ లోడుతో ఇచ్చేదాని మీద అది చాలా ఎక్కువ.

అట్లాంటిది కొందామా అని ఇంట్లో మొదలైంది. కొంటే డీజిల్ వద్దన్నా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లకు పొగ గొట్టంలో ఫిల్టర్ ఉంటుంది, అందులో చేరిన మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ హైవే మీద దూరం పోతా ఉండాలి. స్కూలుకు, మార్కెట్టుకు తిప్పితే మూసుకుపోయి ఖర్చు పెడుతుంది. నెలంతా పికప్ మీద ఉండేవాడి ఇంటి ముందర అది నిలబడే ఉంటుంది. మా వాడకానికి పెట్రోలు చాలు, అదీ పికప్ కంతులు తీరాక. అంతదాకా బామ్మర్ది కారే, ట్యాంకు నింపి ఇస్తే నేనెప్పుడడిగినా ఆయన కాదనడు.