గ్లైకాలిక్ పీల్ కొనేవాళ్ళు జాగ్రత్త: స్టిక్కర్ మీద 30, దాని కింద 70 (వైజాగ్)

గ్లైకాలిక్ పీల్ అంటే చర్మం పైపొర ఊడి కొత్తది రావడానికి రాసే ఆసిడ్. జగదాంబ వైపు పార్లర్ సామాను అమ్మే షాపులో ఒక సీసా కొన్నాను. స్టిక్కర్ మీద 30 శాతం, బిల్లులోనూ 30. చెవి కింద రూపాయి బిళ్ళంత రాసి, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టాను. 40 సెకన్లకే అక్కడ చర్మం సుద్ద రాసినట్టు తెల్లబడింది. గ్లైకాలిక్‌కి కాస్త ఎరుపు, చిమచిమ రావచ్చు గానీ తెలుపు రాకూడదు. వచ్చిందంటే పైపొర కాలిపోతున్నట్టే. వెంటనే కడిగినా పొక్కి, పెచ్చు కట్టి, ఇప్పుడు నల్లమచ్చ మిగిలింది. నీళ్ళకి స్టిక్కర్ అంచు లేచింది. గోటితో లాగితే కింద అచ్చులో 70 శాతం అని ఉంది!

సీసా పట్టుకెళ్తే కౌంటర్లో ఆయన దానివైపు చూడనైనా లేదు. "మీ స్కిన్ సెన్సిటివ్ మేడం, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అన్నాడు. స్టిక్కర్ కింద అంకె చూపిస్తే "ఓపెన్ చేసింది రిటర్న్ లేదు" అని ముఖం తిప్పుకుని, నా కళ్ళముందే పక్కనున్న అమ్మాయికి అలాంటిదే ఇంకో సీసా ఇచ్చాడు. పెళ్ళి రెండు వారాల్లో ఉందని చెబుతోంది ఆ అమ్మాయి. నేను నోరు తెరిచేలోపే డబ్బులిచ్చి వెళ్ళిపోయింది. వెనకాలే పరిగెత్తి చెప్పాల్సింది, చెప్పలేదు. నా మచ్చ కన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

అసలు శాతం ఒక్కటే చూస్తే చాలదు, పీహెచ్ (ఆసిడ్ ఎంత ఘాటో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) కూడా చూడాలి. ఇంట్లో వాడేదానికి 10 శాతం లోపు, పీహెచ్ 3.5కి తగ్గకుండా ఉండాలి. బఫర్ (ఘాటు తగ్గించే పదార్థం) కలపని 70 శాతానికి పీహెచ్ 1 కూడా ఉండదు, అది డాక్టర్ చేతిలో ఉండాల్సిన సరుకు. పీహెచ్ పేపర్ మీద ఒక్క చుక్క వేసుంటే నాకు ముందే తెలిసేది. తెలిసి కూడా బద్ధకించాను. మన చామనఛాయ ఒంటికి కాస్త కాలినా నలుపు నెలల తరబడి వదలదు, పైగా ఇక్కడి ఎండ.

బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, తయారీదారు అడ్రసు లేని సీసా ముట్టుకోకండి. రెటినాల్ (ముడతలకి, మొటిమలకి రాసే విటమిన్ ఎ మందు) వాడుతుంటే వారం ముందే ఆపండి. చెవి వెనక రాసి రెండు రోజులు చూడండి. ముక్కు మూలలకి, పెదాలకి, కళ్ళ చివర్లకి వాజలీన్ పూయండి. గ్లైకాలిక్ దానంతట అది ఆగదు. దాన్ని ఆపడానికి గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల వంట సోడా ముందే కలిపి పక్కన పెట్టుకోండి (చాకలి సోడా కాదు, దాంతో ఇంకా కాలుతుంది). టైమ్ అవగానే ఆ సోడా నీళ్ళు పూసి, తర్వాత చల్లటి నీళ్ళు ధారగా పోయండి. పెచ్చులు గిల్లకండి, సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటకండి.

బిల్లు, సీసా, స్టిక్కర్ దాచి 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫిర్యాదు చేశాను.

ఆ పెళ్ళికూతురమ్మా, ఇది నీ కంటపడితే ఆ సీసా మూత తియ్యకు. స్టిక్కర్ తడిపి లాగి చూడు.